రెండు మాత్రలు, తక్కువ నీళ్లు

సకల జనుల సమ్మె రోజుల్లో కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక కంపెనీ బస్సు డ్రైవరు ఉద్యోగుల్ని బస్సులోనే వదిలేసి, దిగి వెళ్లి వంటావార్పులో కూర్చున్నాడని, అందుకే అతని పని పోయిందని మా ఆఫీసులో చాలామందికి తెలుసు. అది నిజం కాదు. ఆ మాట మొదట కాగితం మీద పెట్టింది నేనే. కాబట్టి కాదని రాయాల్సింది కూడా నేనే.

అప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రవాణా విభాగం చూసేవాణ్ని. బస్సులూ డ్రైవర్లూ ట్రావెల్స్ వాళ్లవి. ఏ బండి ఎన్ని గంటలకు ఏ దారిన పోవాలో రాసేది నేను. సెల్లార్‌లో, జనరేటర్ గది పక్కన నా బల్ల. ఎండా వానా తెలియని చోటు. మాది గుంటూరు వైపు. డ్రైవర్లలో ఎక్కువమంది మహబూబ్‌నగర్, మెదక్, నల్లగొండ వాళ్లు. నేను లేనప్పుడు నన్ను 'ఆంధ్రా సార్' అనేవాళ్లు. ఉన్నప్పుడు ఒట్టి 'సార్'.

ఆ ముందు ఏడాదే నాకు బీపీ ఉందని తేలింది. నలభై నిండలేదు. మదీనాగూడలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లేవాణ్ని. ఆయన ఇచ్చిన మొదటి మాత్రకు పొడి దగ్గు పట్టుకుంది. గొంతులో ఏమీ ఉండదు, దగ్గు మాత్రం ఆగదు. నా దగ్గు లిఫ్టు దగ్గర వినబడగానే మా ఆవిడ కంచం పెట్టేది. రెండో మాత్రకు దగ్గు పోయి పాదాలు వాచాయి. సాయంత్రానికి బూటు పట్టేది కాదు. సెల్లార్‌లో చెప్పులతో తిరిగేవాణ్ని. మూడోది ఒంట్లోని నీరు బయటికి పంపే నీళ్ల మాత్ర కలిసినది. గంటగంటకూ బాత్రూముకి పరుగు. అది రాసిచ్చేటప్పుడు డాక్టరు రెండు మాటలు చెప్పాడు. "ఇందులోనే రెండు మందులున్నాయి. పాతదాన్ని దీంతో కలపకండి, బీపీ మరీ పడిపోతుంది. ఇంకోటి, నీళ్లు బాగా తాగండి. బాత్రూముకి పోవాల్సి వస్తోందని నీళ్లు మానేస్తే కళ్లు తిరుగుతాయి." మీటింగులున్న ఒక రోజు నేను మానేశాను. మెట్ల మీద కళ్లకు చీకట్లు కమ్మి, రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. ఆయన చెప్పింది నిజమేనని నాకు అలా తెలిసింది.

నాలుగో మాత్ర గుండె వేగం తగ్గించేది. దగ్గు లేదు, వాపు లేదు. చేతులు కాస్త చల్లగా ఉండేవి. గుండె దడ పోయింది. ఫోన్లో ఎవరు అరిచినా, బండి రాలేదని ఎవరు తిట్టినా, లోపల ఏమీ కదిలేది కాదు. నాకది హాయిగానే ఉండేది. మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టుకోవడం అలవాటైంది. అరవై, అరవై రెండు. అంతకు మించేది కాదు.

వాడకుండా మిగిలిన రెండో మాత్ర, మూడో మాత్ర అట్టలు నా బల్ల సొరుగులో ఉండిపోయాయి.

ఆరు నెలలకోసారి డ్రైవర్లకు ఆరోగ్య పరీక్షల క్యాంపు ఉండేది. పార్కింగులో షామియానా వేసి, ఒక డాక్టర్ని కూర్చోబెట్టి, కళ్లు, షుగరు, బీపీ చూపించేవాళ్లు. చూసి ప్రతివాడి కార్డు మీద 'ఫిట్' అని ముద్ర వేసేవాళ్లు. ఆ ముద్ర లేకపోతే ఈ ఐటీ కారిడార్‌లో ఏ కంపెనీ గేటూ దాటనివ్వదు. అందుకని డ్రైవర్లకు ఒక పద్ధతి ఉండేది. ఆ రోజు పొద్దున చాయ్ తాగరు. నిమ్మకాయ నీళ్లు తాగుతారు. వంతు వచ్చేదాకా బస్సులో కళ్లు మూసుకుని కూర్చుంటారు. వాళ్లలో ఎవరికో బీపీ ఉండి మాత్రలు వాడుతుంటాడు. అతని అట్ట చేతులు మారేది. తలా ఒకటి తుంచుకునేవాళ్లు. దాన్ని 'క్యాంపు గోలీ' అనేవాళ్లు. ఆ గోలీ ఒంటికోసం కాదు, ముద్రకోసం. పరీక్ష అయిపోతే మళ్లీ ఆరు నెలల దాకా దాని ఊసుండదు. ఇది నాకు తెలుసు. నేనూ నవ్వేవాణ్ని.

నేను చెప్పబోయే మనిషి చందానగర్ దారి బస్సు నడిపేవాడు. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద. నేను నువ్వనేవాణ్ని, అతడు మీరనేవాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి చందానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. భార్య మా పక్క బిల్డింగులోనే హౌస్‌కీపింగ్ చేసేది. పిల్లల్లేరు. పద్నాలుగేళ్లుగా బండి నడుపుతున్నాడు, ఎక్కడా గీత పడలేదు. ట్రిప్ షీటు కోసం వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

"సార్, తెలంగాణ వస్తే మీరు గుంటూరు పోతరా?"

"నేను పోతే నీ షీటు ఎవరు రాస్తారు?"

"గదే నా పరేషాన్. మావోళ్లు రాస్తే నాకు సమజ్ కాదు. మీ అచ్చరాలే గుండ్రంగుంటయ్."

సమ్మె మొదలైంది. ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. ఎప్పుడు ఏ రోడ్డు మూస్తారో తెలియదు. పైనుంచి మాత్రం ఉద్యోగులు రావాలి, పోవాలి. ఆ రోజుల్లో అతని విలువ నాకు తెలిసొచ్చింది. చందానగర్ నుంచి ఇక్కడిదాకా అతనికి తెలియని గల్లీ లేదు. ఎవరైనా బస్సు ఆపితే అద్దం దించి, "అన్నా, జర తొవ్వియ్యుండ్రి, ఆడపిల్లలున్నరు లోపల" అనేవాడు. ఇచ్చేవాళ్లు. నేను అడిగితే ఇవ్వరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పరీక్ష వచ్చింది. అతనికి బీపీ బాగా ఎక్కువ వచ్చింది. పైది నూట డెబ్బై దాటింది. క్యాంపు గోలీ వేసుకున్నాక కూడా అంత. డాక్టరు కార్డు మీద ముద్ర వేయకుండా రాశాడు. పదిహేను రోజులు బండి నడపకూడదు, మందు మొదలుపెట్టాలి, ఆ తర్వాత చూపించాలి. ఆ డాక్టరు రాసింది సరైనదే.

నా దగ్గర పదిహేను రోజులు లేవు. ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడి, మూడు రోజులకే మళ్లీ చూసేలా ఒప్పించాను. అతణ్ని సెల్లార్‌కి పిలిచి, సొరుగు తీసి, రెండు అట్టలు బల్ల మీద పెట్టాను. పాదాలు వాచిన మాత్ర ఒకటి. నీళ్ల మాత్ర ఒకటి.

"రెండా సార్?"

"రెండూ. పొద్దున్నే. శుక్రవారం మళ్లీ చూస్తారు."

"మావోళ్లు ఒక్కటే ఏస్కుంటరు."

"నీది ఒకదానికి దిగే బీపీ కాదు."

నవ్వాడు. "నా బీపీ గూడ ఉద్యమంలున్నది సార్. దిగమంటే దిగదు."

నేనూ నవ్వాను. డాక్టరు కలపొద్దన్న మాట ఆ క్షణంలో నాకు గుర్తుంది. మర్చిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. కలిపితే బాగా పడిపోతుందన్నాడు కాబట్టే కలిపి ఇచ్చాను. నాకు కావలసింది పడిపోవడమే.

రెండో రోజు వచ్చాడు.

"సార్, ఈ గోలీలు ఏస్కున్నకాంచి గంటకోపారి ఒంటికి పోవాలె. మల్ల బండెక్కితే బస్సుల నలభై మందుంటరు. యాడ ఆపాలె? ఆపితే మేడమ్‌లు నవ్వుతరు."

నేను షీటు రాస్తున్నాను. తల ఎత్తలేదు. "నీళ్లు తక్కువ తాగు" అన్నాను.

"అచ్ఛా" అన్నాడు.

అంతే జరిగింది. రాయాల్సిన దానిలో పెద్ద భాగం ఇదే.

శుక్రవారం నాటికి అంకెలు దిగాయి. కార్డు మీద ముద్ర పడింది. ఇక మానేయనా అని అడిగాడు. సమ్మె అయ్యేదాకా వేసుకోమన్నాను. బీపీ మళ్లీ ఎక్కితే మళ్లీ నేనే తిరగాలి. కనీసం డాక్టరుకు చూపించుకో అని కూడా అనలేదు. ముద్ర పడ్డాక నాకు అతని బీపీతో పని లేదు.

సోమవారం. మధ్యాహ్నం నుంచి రోడ్లు మూస్తారని కబురొచ్చింది. పదకొండింటికల్లా ఉద్యోగుల్ని ఇళ్లకు పంపేయమన్నారు. అన్ని బస్సులూ ఒకేసారి కదిలాయి. ఆ తర్వాతది నేను చూడలేదు. అతను చెప్పిందీ, ముందు సీట్లో కూర్చున్న ఒక అమ్మాయి చాలా రోజుల తర్వాత చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

పొద్దున్నుంచి అతను ఒక చాయ్ తప్ప ఏమీ తాగలేదు. రెండు మాత్రలూ వేసుకున్నాడు. ఎండ బాగా ఉంది. కొత్తగూడ చౌరస్తా దగ్గర, ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్నచోట, అప్పటికే వంటావార్పు మొదలైంది. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి వంట చేసి, అక్కడే కూర్చుని తినడం ఆ రోజుల్లో నిరసన. సగం రోడ్డు ఇంకా తెరిచే ఉంది. పోవచ్చు. అతనికి కళ్ల ముందు నల్లబడింది. ఇండికేటర్ వేశాడు. బస్సును ఎడమకు తీసి ఆపాడు. ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, "ఒక్క నిమిషం మేడం" అన్నాడు. తలుపు కడ్డీ పట్టుకుని దిగాడు. రెండడుగులు వేసి కూలబడ్డాడు.

వంట దగ్గరున్న ఇద్దరు వచ్చి లేపి, నీడలోకి తీసుకెళ్లారు. అందులో ఒకాయన తన మెడలో ఉన్న గులాబీ కండువా తీసి, బకెట్లో ముంచి, పిండి, అతని తలకూ మెడకూ చుట్టాడు. నీళ్లు తాగించారు. మజ్జిగ ఇచ్చారు. కాస్త తేరుకున్నాక తల మీది కండువా మెడలోకి దించి, తినేవాళ్ల వరసలో కూర్చోబెట్టి, విస్తరాకులో వేడి కిచిడీ పెట్టి, తినమన్నారు. తిన్నాడు. కూర వండుతున్న ఒకామె, "ఏం కాక, బువ్వ వాసనకే బండి ఆపినవా?" అందట. అతనికి నవ్వొచ్చింది.

సరిగ్గా అప్పుడే బస్సు వెనక సీట్లోంచి ఎవరో ఫోన్‌తో ఫొటో తీశారు.

ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ బస్సెక్కి, నెమ్మదిగా నడిపి, అందర్నీ చందానగర్ దాకా దించాడు. ఒక్కరికీ ఏమీ కాలేదు. కళ్లు తిరిగాయని ఆ సాయంత్రమే నాకు ఫోన్లో చెప్పాడు.

మర్నాడు ఆ ఫొటో మా అడ్మిన్ మేనేజర్ దగ్గరికి చేరింది. ఆయన నన్ను పైకి పిలిచాడు. ఆయనది రాజమండ్రి. కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు నా డ్రైవరు. మెడలో గులాబీ కండువా. చేతిలో విస్తరాకు. పళ్లు కనిపించేలా నవ్వుతున్నాడు.

"ఏమండీ ఇది? మనవాళ్లని ఎండలో ఉడకబెట్టి ఈయన భోంచేస్తున్నాడా?"

నేను తెర మీది విస్తరాకునే చూస్తున్నాను.

"ఇంకేమైనా కారణం ఉందా? ఉంటే చెప్పండి."

ఆయన అడిగాడు. ఎవరూ అడగలేదని నేను అనలేను. కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు చూసి, నిజంగానే అడిగాడు.

"తెలియదండి" అన్నాను.

"అయితే రాసివ్వండి."

కిందికి వచ్చి రాశాను. డ్రైవరు విధుల్లో ఉండగా బస్సు దిగి నిరసన కార్యక్రమంలో పాల్గొన్నట్టు ఫొటో ద్వారా తెలుస్తున్నది. ఒక్కటే వాక్యం. 'తెలుస్తున్నది' అన్న మాట వెతుక్కుని మరీ రాశాను. అందులో నేను ఎక్కడా లేను. రాశాక మణికట్టు మీద వేళ్లు పెట్టి చూసుకున్నాను. అరవై రెండు.

సాయంత్రానికి ట్రావెల్స్ వాళ్లు అతణ్ని తీసేశారు. ఆ మర్నాడు పదింటికి సెల్లార్‌కి వచ్చాడు. కార్డు చేతిలో ఉంది.

"సార్, మీరు జెప్పుండ్రి. నాకు కండ్లు తిరిగినయ్ అని జెప్పుండ్రి. నేను ధర్నాల గూసోలె. మీకెర్కే గదా."

"చెప్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాను. "ఎందుకు తిరిగాయంటారు. బీపీ అంటావు. బీపీతో నలభైమందిని ఎక్కించుకున్నావా అంటారు. కార్డు చింపేస్తారు. ఇక్కడే కాదు, ఎక్కడా స్టీరింగ్ పట్టనివ్వరు. ధర్నా అంటే ఈ ఒక్క కంపెనీ పోతుంది. రేపు ఇంకోచోట చేరొచ్చు."

అది అబద్ధం కాదు. అందుకే అంత బాగా చెప్పగలిగాను.

కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే ధర్నా అననియ్యుండ్రి" అన్నాడు. "ఎట్లయిన మనదే గదా ఉద్యమం." మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఇగ ఆ గోలీల జోలికి సచ్చినా పోను సార్. అంతకుముందు మంచిగనే ఉంటి. గోలీ ఏస్కున్నకనే గిట్లయింది."

అక్కడ నేను ఒక మాట చెప్పాల్సింది. తప్పు గోలీది కాదు, నేను కలపకూడనివి రెండు కలిపి ఇచ్చాను, పైగా నీళ్లు తాగొద్దన్నాను. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లి నీకు సరిపడే మందు రాయించుకుని రోజూ వేసుకో. అరనిమిషం పట్టదు. ఆ అరనిమిషంలో 'నాకు తెలుసు' అన్న మాట కూడా వస్తుంది. చెప్పలేదు. అతను మెట్లెక్కి వెళ్లిపోయాడు. నేను చందానగర్ దారికి వేరే డ్రైవరు పేరు రాశాను.

ఆ రోజుల్లో నాకు ఏమీ అనిపించకపోవడానికి మాత్రే కారణమని అనుకునేవాణ్ని. డాక్టర్ని అడిగాను కూడా. "నీరసం రావొచ్చు, చేతులు చల్లబడొచ్చు. మిగతాది నేను చెప్పలేను" అన్నాడు. రెండేళ్ల తర్వాత దాన్ని మెల్లగా తగ్గించి వేరేదానికి మార్చాడు. నాడి డెబ్బై ఎనిమిదికి వచ్చింది. మెట్లెక్కితే మళ్లీ గుండె కొట్టుకోవడం వినిపించేది. అతని సంగతి మాత్రం ముందు ఎలా ఉందో అలాగే ఉంది. ఎక్కడో పెట్టిన వస్తువులా. దాన్ని మాత్ర ఖాతాలో రాయడానికి వీల్లేకపోయింది.

మధ్యలో డ్రైవర్లు చెప్తే వింటుండేవాణ్ని. నీళ్ల ట్యాంకరు నడుపుతున్నాడట. చందానగర్‌లోనే ఉన్నాడట. రాష్ట్రం వచ్చినప్పుడు వాళ్ల బస్తీలో అతన్ని స్టేజీ ఎక్కించి, ఉద్యమంలో నౌకరీ పోగొట్టుకున్నాడని శాలువా కప్పారట. "మీ పాత డ్రైవరు పెద్ద లీడరయిండు సార్" అని ఒకతను నవ్వాడు. అప్పటికి నేను కంపెనీ మారాను. ఇంకో సెల్లార్, ఇంకో బల్ల.

మరుసటి ఏడు వేసవిలో చందానగర్ మార్కెట్లో ఒకామె నన్ను ఆపింది. చేతిలో సంచి, హౌస్‌కీపింగ్ నీలం చీర.

"మీరు ఆంధ్రా సార్ గదా?"

అతని భార్య. ఎలా ఉన్నాడని అడిగాను.

"కుడిపక్క పడిపోయింది సార్. చలికాలంల. చెయ్యి లేవదు, కాలు ఈడుస్తడు. మాట తొందరగ రాదు. బీపీ అన్నరు పెద్ద దవాఖానల. ఇన్నేండ్లు ఏం మందు వాడకపోతే గిట్లనే అయితదన్నరు."

నేను కూరగాయల బండి వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇప్పుడన్న ఏస్కోడు సార్. దవాఖానల గోలీలు ఊరికెనే ఇస్తరు. నోట్ల వెట్టుకుంటడు, నేను గిట్ల మర్లంగనే ఉమ్ముతడు. తులసి కుండీల దొరికినయ్, ఇన్ని. ఎందుకయ్యా అంటే, ఆ గోలీలే నన్ను ముంచినయ్ అంటడు. ఇంకోపారి వస్తే మనిషి దక్కడని డాక్టర్ జెప్పిండు." సంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నా మాట ఇనడు. మీరంటే ఇజ్జత్ ఆయనకు. మంచిగ రాస్తుండె, మంచిగ జూస్తుండె అంటడు. ఒక్కపారొచ్చి జెప్పుండ్రి సార్."

వస్తానన్నాను. ఆమె ఇంటి గుర్తులు చెప్పింది, ఫోన్ నంబరు తీసుకుంది. పదకొండు రోజులు వెళ్లలేదు. వెళ్లి, మందు వేసుకోవాలి, ఆరోగ్యం ముఖ్యం, అని ఊరికే చెప్పి రావచ్చు కదా అని ఆ పదకొండు రోజులూ ఆలోచించాను. అలా చెప్తే అతను నా ఎదురుగా మింగి, నేను పోయాక ఉమ్మేస్తాడు. అతను భయపడుతున్నది గోలీకి. ఆ భయం పోవాలంటే ఆ రోజు కళ్లు ఎందుకు తిరిగాయో తెలియాలి. అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఆదివారం పొద్దున పదింటికి వెళ్లాను. రెండో అంతస్తులో ఒక గది, వంటకు మూల. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. ఎడమ చెయ్యి నుదుటిదాకా తెచ్చాడు.

గోడ మీద మేకుకు పాలిథిన్ కవర్లో శాలువా వేలాడుతోంది. దాని పక్కన చట్రం కట్టిన ఫొటో. గులాబీ కండువా, విస్తరాకు, నవ్వు. ఆఫీసు తెర మీద చూసినదే. బస్తీవాళ్లు ఎవరి ఫోన్లోంచో సంపాదించి పెద్దది చేయించి ఇచ్చారట.

ఆమె చాయ్ పెడతానంది. వద్దన్నాను. అతని ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా దగ్గర మిగిలిన మాత్రలు ఇచ్చానని, ఆ రెండూ కలపకూడదని, నీళ్లు తక్కువ తాగమనడం తప్పని, బీపీ అందుకే పడిపోయిందని. గోలీ వల్ల కాదని, నా వల్లనని. చెప్తున్నంతసేపూ 'మీరు' అన్నాను. ఎందుకో అలా వచ్చింది.

ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. ఆపింది.

అతను నెమ్మదిగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అడిగాడు. "కలపొద్దని... మీకు ఎర్కనా?"

"తెలుసు. డాక్టరు చెప్పాడు."

"నీళ్ల... ముచ్చట?"

"అదీ తెలుసు. నాకూ ఒకసారి కళ్లు తిరిగాయి."

"ఇంగ... ధర్నా అని... రాసింది?"

"నేనే."

మాట్లాడింది ఆమె. గొంతు పెంచలేదు. "నాలుగేండ్లు సార్. నాలుగేండ్లు గోలీని జూస్తే పామును జూసినట్టు జూసిండు. మీరు ఈ ముక్క అప్పుడు జెప్తే నేను ఆయనకు రోజొకటి ఏస్తుంటి. అంతే గదా. రోజొకటి."

"అంతేనమ్మా" అన్నాను.

ఆమె మళ్లీ చేట ఎత్తింది. చెరగలేదు. పట్టుకుని కూర్చుంది.

కింద వీధిలో ఎవరో పాత పేపర్లు కొంటామని అరుస్తూ పోయాడు. ఆ అరుపు దూరమయ్యేదాకా అతను గోడ మీది ఫొటో వైపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో భార్య వైపు సైగ చేసి, "తే" అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి, అల్మారాలోంచి మందుల సంచి తీసి, ఒక మాత్ర తుంచింది. ఒక్కటే. గ్లాసు తీయబోతే, తల అడ్డంగా ఊపి చెంబు చూపించాడు. మాత్ర నాలుక మీద వేసుకుని, చెంబెత్తి తాగడం మొదలుపెట్టాడు. కుడివైపు పెదవి పట్టు లేక నీళ్లు మెడ మీదికి కారుతున్నాయి. ఆపలేదు. నా మీంచి చూపు తిప్పకుండా చెంబు మొత్తం తాగాడు. నోరు తెరిచి భార్యకు చూపించాడు. మాత్ర లేదు.

"బయట... జెప్తరా?" అని నన్నడిగాడు.

"రాయాలనుకుంటున్నాను."

"పేరు... తియ్యకుండ్రి." గడ్డంతో ఫొటో వైపు చూపించాడు. "గది... ఉండనియ్యుండ్రి."

సరేనన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే అతను ఏదో ఒక జవాబు చెప్పాల్సి వచ్చేది, అంత మాట్లాడే శక్తి అతనికి లేదు. లేచాను.

ఆమె మెట్ల దాకా వచ్చింది. "రోజూ ఏస్కుంటడో లేడో నేను ఫోన్ జేసి జెప్త" అంది. "మీరు జెయ్యకుండ్రి. మల్ల రాకుండ్రి సార్."

తర్వాత పాత కంపెనీకి ఉత్తరం రాశాను, ఆ రిపోర్టు తప్పని, రాసింది నేనేనని. నాకు తెలియని ఎవరో జవాబిచ్చారు. అంత పాత కాగితాలు తమ దగ్గర లేవట. ఆ ట్రావెల్స్ కూడా మూతపడింది. దిద్దడానికి కాగితమే లేకపోయింది. అందుకని ఇక్కడ, అతనికి ఇచ్చిన మాట ప్రకారం పేర్లు లేకుండా రాస్తున్నాను. ఆ ఫొటో గోడ మీద అలాగే ఉండాలి. ఆ బస్తీవాళ్లు అతని నెత్తిన తడిగుడ్డ కట్టినవాళ్ల లాంటివాళ్లే. వాళ్లు అతనికి ఇచ్చింది లాక్కునే హక్కు నాకు లేదు.

వాళ్లింటికి వెళ్లొచ్చిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. నేను బల్ల దగ్గర ఉన్నాను.

"ఏస్కుంటుండు" అంది. "కుండీల జూసిన. ఏం లెవ్వు."

నేను ఏదో అనబోయేలోపు పెట్టేసింది.